నూటికి ఎనభై మంది అమ్మలు

సాయంత్రం ఉద్యోగాలు వదిలే వేళకి ఆ సూపర్ మార్కెట్‌లో కూరగాయల వైపు కాలు పెట్టే సందు ఉండదు. అంత రద్దీలోనూ ఒకావిడ చాలాసేపటినుంచి ఒకేచోట నిలబడి ఉంది. ఆరో నెల కడుపు. ఒక చేతిలో పాలకూర కట్ట, మామూలుది, పెద్దది. ఇంకో చేతిలో ఆర్గానిక్ అని ఆకుపచ్చ లేబుల్ అంటించిన ప్యాకెట్. అందులోనూ పాలకూరే, కానీ ఆకులు మందుబిళ్లల్లా లెక్కపెట్టి వేసినట్టున్నాయి. కట్ట కొంటే ఇంటిల్లిపాదికీ వస్తుంది. ప్యాకెట్ కొంటే చిన్నపిల్లకి ఒక పూట సరిపోతుంది. ధర మాత్రం రెంటికీ ఒకటే.

ఆవిడ కట్టని మెల్లిగా పక్కన పెట్టేసింది. పెట్టేముందు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది, పట్టుకోకూడని వస్తువేదో పట్టుకున్నట్టు.

ఎదురుగోడ మీద పోస్టర్ ఉంది. యాపిల్ కొరుకుతున్న పాప, పాపని చూసి మురిసిపోతున్న అమ్మ. కింద రెండు వాక్యాలు. "నూటికి ఎనభై మంది అమ్మలు తమ పిల్లలకి ఆర్గానిక్‌నే ఎంచుకున్నారు. మరి మీరు?"

చూడ్డానికి ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. ఒక తల్లి తన కూతురికి మంచి తిండి కొనుక్కుని వెళ్తోంది, మెచ్చుకోవాల్సిన సంగతే. కాకపోతే ఆవిడ బుట్టలోకి మనం ఒకసారి తొంగిచూడాలి. బ్రెడ్డు, టీపొడి, బిస్కెట్లు, ఆ చిన్న ప్యాకెట్. ఆ ఇంటికి ఆ వారానికి కూరగాయలంటే ఆ ప్యాకెట్ ఒక్కటే. పాప తినగా గిన్నెలో ఏమైనా మిగిలితే, అది కూడా రేపటికి పాపకే.

ఆవిడ ఒక బట్టల దుకాణంలో ఆల్టరేషన్ కౌంటర్ దగ్గర దర్జీ. భర్త లిఫ్టు మెకానిక్. వాళ్లకొక కూతురు. వాళ్లింట్లోనే వెనక గదిలో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న ఆవిడ చెల్లెలు ఒకతె ఉంది. గోడమీది ఆ అంకె ఎక్కడినుంచో ఊడిపడలేదు. దాన్ని తేల్చింది ఆ చెల్లెలే.

చెల్లెలికి బావ పెట్టిన పేరు 'శాతం'. వాన పడుతుందా అని అడిగితే అరవై శాతం అంటుంది. కూర ఎలా ఉందంటే డెబ్భై అంటుంది. జనం ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో, ఏ పేస్టుతో పళ్లు తోముకుంటున్నారో కనుక్కుని కంపెనీలకి చెప్పే ఒక సర్వే ఆఫీసులో ఆమెకి ఉద్యోగం. చదివింది కంప్యూటర్లు, చేసేది పక్కింటి వంటింట్లోకి తొంగిచూడ్డం అని బావ ఏడిపిస్తుంటాడు. ఆమె ఏమీ అనుకోదు. తన పనంటే ఆమెకి గర్వమే. చెల్లెలి పనంటే అక్కకి అంతకన్నా గర్వం.

పురుగుమందులు కొట్టకుండా పండించిన ఆర్గానిక్ తిండి కొనేవాళ్ల పోకడలు ఎలా ఉన్నాయో కనుక్కోమని ఒక దుకాణాల సంస్థ ఆ ఆఫీసుకి పని అప్పగించింది. చెల్లెలే ప్రశ్నలు తయారుచేసింది. ప్రశ్నల్ని ఊరిమీదికి వదిలేముందు ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించడం ఆ ఉద్యోగంలో మామూలే. ఒక ఆదివారం బట్టలు మడతపెడుతున్న అక్క ముందు కూర్చుని, ఫోన్లో మాట్లాడుతున్నట్టు గొంతు మార్చి మొదటి ప్రశ్న అడిగింది. గత నెలలో ఆర్గానిక్ కూరగాయలు గానీ పళ్లు గానీ కొన్నారా మేడమ్ అని.

"లేదే. అవి కొనే మొహాలేనా మావి?" అంది అక్క.

"అయితే మీ ఇంటర్వ్యూ అయిపోయింది. మీ విలువైన సమయం ఇచ్చినందుకు థాంక్యూ."

"ఇంత తొందరగా గట్టెక్కిన పరీక్ష నా జన్మలో లేదు," అని అక్క నవ్వింది. చెల్లెలు కూడా నవ్వింది.

ఆర్గానిక్ కొననివాళ్లని ఆ తిండి గురించి అడిగితే ఏం లాభం? కొనేవాళ్లనే అడగాలి. సర్వేల్లో ఇది ఎప్పుడూ జరిగేదే, తప్పు కూడా కాదు. అలా వడపోయగా మిగిలినవాళ్లలో, పిల్లలున్న తల్లుల్లో, నూటికి ఎనభై మంది పిల్లలకి పెట్టేటప్పుడు ఆర్గానిక్‌నే ఎంచుకుంటామన్నారు. చెల్లెలు ఆ మాట స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో పెట్టి, అడుగున చిన్న అక్షరాలతో ఒక వరస రాసింది. ఈ లెక్క గత నెలలో ఆర్గానిక్ కొన్న తల్లుల్లో మాత్రమే అని.

మేనేజర్ స్లైడ్ చూసి, కింద ఆ చీమలబారు ఏంటమ్మా అన్నాడు. అది ఎవరిని అడిగామో చెప్పే వరస సార్ అంది. రిపోర్టు చివర ఎలాగూ ఉంటుంది కదా, తీసేయ్, స్లైడ్‌కి కాస్త ఊపిరాడనీ అన్నాడు. ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ వరస తీసేసింది. తీసేశాక స్లైడ్ నిజంగానే అందంగా కనిపించింది. దుకాణాలవాళ్లు అందులోని ఆ ఒక్క మాటనీ తీసుకుని పోస్టర్ వేశారు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ కథలో అసలు చిక్కు అదే. అబద్ధం చెప్పినవాడు ఒకడు దొరికితే వాణ్ణి నాలుగు తిట్టి మనం హాయిగా ఉండొచ్చు.

అక్క ఆ పోస్టర్ మొదట చూసినరోజు ఇంటికొచ్చి చెల్లెలి బుగ్గ గిల్లింది. నీ అంకె గోడెక్కిందే అని సంబరపడింది. మర్నాడు కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతి మనిషికీ, ఆ పోస్టర్ చూశారా, అది తేల్చింది మా చెల్లే అని చెప్పుకుంది. తర్వాత సంబరం మెల్లిగా ఇంకోలా తిరిగింది. అంతమంది తల్లులు చేస్తున్న పని తను చెయ్యట్లేదు. తను పాపకి ఇన్నాళ్లూ పెట్టింది మందులు కొట్టిన కూర. మామూలు కట్ట చేత్తో పట్టుకుంటే ఆవిడకి ఎలాగో ఉండేది. ఆ పెద్ద కట్ట కొనడం మానేసింది. మంచిది అందరికీ సరిపడా కొనడానికి చేతిలో డబ్బు ఆడదు. అందుకని మంచిది పాపకి కొంచెం, మిగతావాళ్లకి అసలు లేదు. భర్త పనిచేసే చోట క్యాంటీన్లోనే రెండు పూటలా తింటాడు కాబట్టి ఆయనకి తేడా తెలియలేదు. చెల్లెలు కూడా ఆఫీసులోనే తిని వస్తుంది కాబట్టి ఆమెకీ తెలియలేదు. బ్రెడ్డు టీలో ముంచుకుని తినడం ఆవిడకి అలవాటైపోయింది. అరగట్లేదు, అందుకే తేలిగ్గా తింటున్నాను అని చెప్పేది. కడుపుతో ఉన్నవాళ్లు అలా అంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

నెలవారీ చూపించుకోవడానికి వెళ్లాల్సిన రోజున బావకి డ్యూటీ పడింది. చెల్లెలు తోడు వెళ్లింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, ఆ చుట్టుపక్కల సగంమంది పిల్లలు ఆవిడ చేతిలో పుట్టినవాళ్లే. రిపోర్టు రెండుసార్లు చూసి, రక్తం బాగా తగ్గిపోయిందమ్మా, ఇలాగే ఉంటే కాన్పు వేళకి నీకూ కష్టమే, లోపలి బిడ్డకీ కష్టమే అంది. ఏం తింటున్నావని అడిగింది. ఆకుకూరలు? లేవు. కూరగాయలు? పెద్దగా లేవు. పళ్లు? పాప కొరికి వదిలేసినవి.

"ఎందుకని?"

"మామూలువి మందులు కొట్టినవి కదండీ. కడుపులో బిడ్డకి మంచిది కాదని మానేశాను. మంచివి పాపకి తెస్తున్నాను." అక్క గొంతులో ఏదో సాధించినట్టే ఉంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఒకరు చెప్పేదేముందండీ, నూటికి ఎనభై మంది అవే పెడుతున్నారుగా. ఇదిగో, మా చెల్లే తేల్చింది. పెద్ద ఆఫీసు వీళ్లది."

డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది. ఏదో సర్వే అండీ అని చెల్లెలు గొణిగింది. ఆ చూపు ముందు నిలవలేక మేజా మీది పెన్నుల డబ్బా వైపు చూస్తూ కూర్చుంది.

"ఆర్గానిక్ తినగలిగినవాళ్లు తినొచ్చు, నేను వద్దనను," అంది డాక్టరమ్మ, అక్కతోనే. "అది కొనలేకపోతే మామూలువి తెచ్చుకో. నీళ్లలో బాగా కడిగి వండుకో. అసలు కూరగాయలే తినకపోతే జరిగే నష్టం ముందు నీ భయం చాలా చిన్నదమ్మా. ఈ మధ్య నీలా మానేసి వస్తున్నది నువ్వొక్కదానివే కాదు."

ఆ చివరి మాట డాక్టరమ్మ మామూలుగానే అంది. చెల్లెలి చెవిలో మాత్రం అది ఇంటిదాకా మోగుతూనే ఉంది.

దారిలో చెప్పేయాలనుకుంది. ముఖం చెల్లలేదు. ఇలాంటప్పుడు మనలో చాలామంది ఏం చేస్తామో ఆమె కూడా అదే చేసింది, నోటితో చెప్పలేనిది సంచిలో పెట్టి తెచ్చింది. మర్నాటినుంచి రోజూ ఆఫీసునుంచి వస్తూ ఆకుపచ్చ లేబుళ్ల సంచి పట్టుకొచ్చేది. క్యారెట్లు, బీన్స్, పాలకూర, యాపిళ్లు, అన్నీ ఆర్గానిక్‌వే. ఏంటి శాతం, జీతం పెరిగిందా, మా మీద ప్రేమ పెరిగిందా అన్నాడు బావ. ఆమె నవ్వలేదు. రెండూ పెరగలేదని, పెరిగింది వేరే ఏదో అని ఆయనకి ఎలా చెప్తుంది.

అక్క ఆ సంచి విప్పి ఒక్కొక్కటే తీసి, అన్నీ పాప గిన్నె పక్కన సర్దింది. డాక్టరమ్మ చెప్పింది నీకు గదా అక్కా, నువ్వు తిను అంటే, అక్క తల అడ్డంగా ఊపింది.

"డాక్టర్లు ధైర్యం చెప్పడానికి అలాగే అంటారులే. అసలు సంగతి నీకు తెలుసు. మామూలువి మంచివే అయితే నువ్వు ఇంత ఖరీదు పెట్టి ఇవి ఎందుకు తెస్తావు?"

చెల్లెలు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. తను తప్పు దిద్దుకుందామని తెచ్చిన సంచి ఆ తప్పునే ఇంకా గట్టిగా రుజువు చేసింది. ఇక నోరు విప్పక తప్పలేదు.

"అక్కా, ఆ ఎనభై అందర్లో ఎనభై కాదు. ముందునుంచే ఆర్గానిక్ కొంటున్నవాళ్లని మాత్రం అడిగాం. వాళ్లలో ఎనభై."

అక్కకి వెంటనే ఎక్కలేదు. చేతిలో క్యారెట్ అలాగే ఉంది. "అంటే నా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లని చూసి, ఊళ్లో అందరికీ బట్టలు వదులయ్యాయని చెప్పినట్టా?"

"ఊ."

"మరి కొననివాళ్లు?"

"కొనలేదు అనగానే ఫోన్ పెట్టేశాం."

"ఎంతమంది అన్నారు అలా?"

"చాలామంది. ఎక్కువ మంది వాళ్లే."

"నాకు థాంక్యూ చెప్పావే, అలాగా."

చెల్లెలు తల వంచుకుంది. ఎవరిని అడిగారో స్లైడ్ మీద రాసి మళ్లీ తనే తీసేశానని కూడా చెప్పింది. ఎందుకు తీసేశావని అక్క అడగలేదు. అడిగి ఉంటే, చూడ్డానికి బాగుంటుందనే జవాబు చెప్పాల్సి వచ్చేది.

అక్క స్టూల్ లాక్కుని కూర్చుంది. క్యారెట్ పక్కన పెట్టి అంది. "నేను మిగతా ఇరవైలో ఉన్నాననుకున్నానే. ఇంతమంది చేసే పని నాకొక్కదానికే చేతకావట్లేదని. కౌంటర్ దగ్గరికి ఎవరైనా పిల్లని ఎత్తుకుని వస్తే, ఈవిడ ఆ ఎనభైలో ఉండుంటుందిలే అనుకునేదాన్ని. వాళ్ల మొహంలోకి చూసి మాట్లాడ్డం మానేశాను తెలుసా."

అంతే. కోప్పడలేదు. కోప్పడితే చెల్లెలికి కాస్త తేలికయ్యేది. అక్క లేచి, ట్యూషన్ వదిలే వేళయిందని చెప్పులేసుకుని పాప కోసం వెళ్లిపోయింది. వచ్చేటప్పుడు మామూలు పాలకూర, పెద్ద కట్ట తెచ్చింది. నీళ్లు మార్చి మార్చి కడిగింది. వండి, పాపకి పెట్టి, తను పెట్టుకుని, చెల్లెలికీ పెట్టింది. కూర ఎలా ఉందని మాత్రం అడగలేదు. అడిగినా ఆ పూట ఏ శాతమూ చెప్పే నోరు చెల్లెలికి లేదు.

ఆఫీసులో మేనేజర్‌తో మాట్లాడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మనం అబద్ధం రాశామా అమ్మా అన్నాడు. లేదు సార్, మా అక్క తిండి మానేసింది అంది. ఆయనేమీ చెడ్డవాడు కాదు. ఆ పోస్టర్ చూసినప్పటినుంచి మా ఆవిడ కూడా నాతో పేచీయే అని కాసేపటికి ఒప్పుకున్నాడు. దుకాణాలవాళ్లకి రాశారు. తర్వాత అచ్చువేసే పోస్టర్ల మీద ఎవరిని అడిగామో చెప్పే వరస వేస్తామని వాళ్లు జవాబిచ్చారు. ఇప్పటికే అంటించినవి పీకిస్తామని అనలేదు.

ఇలాంటి సర్వేలు ఒకసారితో అయిపోవు, పోకడ ఎటు పోతోందో చూడ్డానికి మళ్లీ మళ్లీ చేస్తారు. రెండోసారికి చెల్లెలు పట్టుబట్టి, కొనలేదు అన్నవాళ్లకి ఫోన్ పెట్టేసే పద్ధతి తీసేయించింది. వాళ్లనీ అడగాలి. కొనకపోతే ఏం తింటున్నారు, ఇదివరకటికంటే కూరగాయలు తగ్గించారా, తగ్గిస్తే ఎందుకు. కొన్ని ఫోన్లు తనే చేసింది. ఒకావిడ, మంచివి కొనలేను, మామూలువి పెట్టడానికి మనసొప్పదు, అందుకని గుడ్డుతో సరిపెడుతున్నానండీ అంది. ఇంకొకావిడ జవాబు చెప్పకుండా, ఇది ఎవరికైనా తెలుస్తుందా అని అడిగింది. పేర్లు రాయమండీ అని చెల్లెలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కూర తినడం తినకపోవడం దాచుకోవాల్సిన సంగతి ఎప్పుడైంది?

అక్క రక్తం నెమ్మదిగా పెరుగుతోంది. డాక్టరమ్మ ఈసారి రిపోర్టు ఒక్కసారే చూసి పక్కన పెట్టింది. ఇంట్లో మాటలు మామూలయ్యాయి, బావ ఏడిపించడం మళ్లీ మొదలైంది. ఇక్కడితో అంతా సర్దుకుందని చెల్లెలు కూడా అనుకుంది.

ఒక సెలవురోజు సాయంత్రం ఆమె మెట్లెక్కి వస్తుంటే, మలుపు దగ్గర పాప ఆడుకుంటోంది. ఎదురింట్లో ఉండే సిటీ బస్సు డ్రైవరమ్మ, డ్యూటీ బట్టలు ఇంకా మార్చుకోనే లేదు, తన కొడుక్కి కోసిన యాపిల్ ముక్కలు పళ్లెంలో తెచ్చి, అలవాటుగా పాప ముందు కూడా పెట్టింది. పాప చెయ్యి చాపలేదు.

"ఇది ఆర్గానికా ఆంటీ?"

"కాదమ్మా, మామూలుదే. బాగుంటుంది, తిను."

"వద్దు. మంచి అమ్మలు అవి పెట్టరు." పాప వెక్కిరించలేదు, పొగరుగానూ అనలేదు. వాళ్లమ్మ దగ్గర ఇదివరకు విన్న మాటే, ఎదుటివాళ్లకి తెలియని సంగతి చెప్తున్నట్టు ఓపిగ్గా చెప్పింది.

డ్రైవరమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. పట్టుకున్న పళ్లెం కొంచెం వెనక్కి జరిగింది. పక్కనే ఉన్న కొడుకు నోట్లో ముక్క నమలడం ఆపి వాళ్లమ్మ మొహంలోకి చూశాడు.

చెల్లెలు గబగబా మెట్లెక్కి వచ్చి, పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని తింది. పాపకి ఇంకో ముక్క ఇచ్చింది. అది తప్పమ్మా, అన్నీ మంచివే, ఆంటీ కడిగే తెచ్చింది అని చెప్పింది. తర్వాత డ్రైవరమ్మ వైపు తిరిగి, ఆ అంకె తను తేల్చిందేనని, అందులో అందరు తల్లుల్నీ లెక్కపెట్టలేదని, దాన్ని చూసి ఎవరూ బాధపడక్కర్లేదని చెప్పుకొచ్చింది. చెప్తున్నకొద్దీ మాటలు పొడుగయ్యాయి. డ్రైవరమ్మ మర్యాదగా వింది.

"పర్లేదులెండి. చిన్నపిల్ల, దానికేం తెలుసు," అంది.

పళ్లెం తీసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది. తలుపు మెల్లిగానే వేసుకుంది. ఆ తర్వాత కూడా కనబడితే పలకరిస్తూనే ఉంది, పాప తల నిమురుతూనే ఉంది. పళ్లెం మాత్రం మళ్లీ మెట్ల మీదికి రాలేదు. ఆ కొడుక్కి ఇంట్లో యాపిల్ కోసి పెడుతోందో, అది కూడా మానేసిందో చెల్లెలికి తెలియదు. ఇన్ని వేలమందిని ఇన్ని ప్రశ్నలు అడిగిన మనిషికి ఎదురింటి తలుపు కొట్టి ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

మంచి తిండి తినమని చెప్పడం మంచిదే, చెప్పాలి కూడా. కానీ చెప్పే ప్రతివాళ్లూ, అది సర్వే చేసేవాళ్లయినా, పోస్టర్ వేసేవాళ్లయినా, ఇంట్లో కూర్చుని ఫోన్లో నలుగురికీ పంపేవాళ్లయినా, ఆ తిండి కొనలేని అమ్మ కూడా తమ మాట వింటోందని, విని తన పళ్లెంలోంచే కూర తీసేస్తుందని ముందు గుర్తు చేసుకుని, ఆ తర్వాతే నోరు విప్పాలి.